జూరకాన్ ఇచ్చిన ఉప్పు

మా ఊళ్ళో జూరకాన్‌కి భయపడనివాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఒకటి ఆవిడ మరిది కపార్, రెండు నా గుర్రం. నేను ఈ లోయలో పశువుల డాక్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. కుమ్మే ఎద్దుల్నీ, కరిచే కుక్కల్నీ, అంతకంటే ఘోరంగా కరిచే వాటి యజమానుల్నీ చూసినవాణ్ణి. అయినా జూరకాన్ తలగుడ్డ బిగించి కట్టుకుని నా వైపు వస్తోందంటే పక్క సందులోకి తప్పుకుంటాను. చెప్పడానికి సిగ్గేమీ లేదు, ఊరంతా తప్పుకుంటుంది.

ఆవిడ కనుమకి అవతలి పల్లెనుంచి సాతీబల్దిని పెళ్ళాడి ఇక్కడికి కోడలిగా వచ్చింది. అప్పుడు మా కొండలో రష్యావాళ్ళ యురేనియం గని ముమ్మరంగా నడుస్తోంది. సాతీబల్ది గనిలోకి దిగేవాడు, ఆవిడ గనివాళ్ళ స్నానాల గదిలో బాయిలరు చూసేది. చెవి వెనక మట్టితో బయటికొచ్చినవాణ్ణి, వాడు మేస్త్రీ కానీ పార్టీ కార్యదర్శి కానీ, మెడ పట్టుకుని మళ్ళీ లోపలికి తోసేది. "మీ ఆవిడ దుప్పట్లు ఉతకలేక చస్తోంది, పోయి సరిగ్గా తోముకో" అనేది. ఆ రోజుల్లో మా ఊరి మగవాళ్ళంత శుభ్రమైన మగవాళ్ళు ఈ దేశంలో ఎక్కడా ఉండి ఉండరు.

తర్వాత గని మూతపడింది. రష్యావాళ్ళు వెళ్ళిపోయారు, స్నానాల గది బాయిలరుని ఎవరో ఇనప సామాన్లవాడికి అమ్ముకున్నారు. మిగిలింది ఊరి పైన గనిలోంచి తీసి పోసిన బూడిదరంగు దిబ్బలు. వాటిమీద గడ్డి మొలిచింది. వాటి కిందినుంచే మా ఊట వస్తుంది, చల్లగా, తియ్యగా. ఊట పక్కనున్న ముళ్ళపొదకి మా ఆడవాళ్ళు మొక్కుకుని గుడ్డపీలికలు కడతారు. సాతీబల్ది ఆ నీళ్ళే తాగాడు, ఆ గనిలోనే పనిచేశాడు, చివరికి కిడ్నీలు పాడై పోయాడు. గని వల్లో, నీళ్ళ వల్లో అన్నది ఎవరూ తేల్చలేదు. జూరకాన్ మాత్రం తేల్చుకుంది.

అందుకే, రాజధానినుంచి మనుషులొచ్చి సీసాల్లో ఊట నీళ్ళు పట్టుకుపోయి, కొన్నాళ్ళకి తిరిగొచ్చి "ఇందులో యురేనియం ఉంది, తాగకండి" అన్నప్పుడు ఊరంతా నవ్వితే ఆవిడ నవ్వలేదు. వాళ్ళతో వచ్చిన ఇంజనీరు కుర్రాడు ఉలార్‌బెక్, కళ్ళజోడు పెట్టుకుని పుల్లలా ఉండేవాడు. వాడు స్కూల్లో జనాన్ని కూర్చోబెట్టి ఒక గాజుసీసా చూపించాడు. సీసా నిండా తేనెరంగు పూసలు, ఆవగింజంతేసి. రెజిన్ అంటారట. నీళ్ళని ఈ పూసల మధ్యనుంచి పంపితే, యురేనియాన్ని పట్టుకుంటాయనీ, మంచి చేసే సున్నాన్నీ మిగతావాటినీ వదిలేస్తాయనీ చెప్పాడు.

కపార్ వెనక వరసలోంచి లేచాడు. కపార్ అంటే గొర్రెల కాపరి, మంచి పొడగరి, నాలుక అంతకంటే పొడుగు. సాతీబల్దికి చిన్నాన్న కొడుకు.

"పూసలకి కళ్ళున్నాయా బాబూ?" అన్నాడు. "ఏది విషమో ఏది కాదో చూసి పట్టుకోడానికి? మా ఊళ్ళో కళ్ళున్నవాళ్ళకే పెళ్ళికొడుకుని చూసి పట్టుకోడం చేతకాక అవస్థ పడుతున్నారు."

జనం పగలబడి నవ్వారు. ఉలార్‌బెక్ ఎర్రబడిపోయి ఏదో రసాయనం మాట మొదలుపెట్టాడు. జూరకాన్ లేచి నిలబడింది.

"పొడుగాయనా, నీ మందలో వెయ్యి గొర్రెలుంటాయి. సాయంత్రం మంద దిగినప్పుడు గొర్రెపిల్ల తన తల్లిని వెతుక్కుంటుందా లేదా?"

"వెతుక్కుంటుంది."

"కళ్ళతోనా?"

కపార్ తల గోక్కున్నాడు. "వాసనతో."

"దానికి తెలిసిన వాసన దానికుంది. ఈ పూసలకి తెలిసినదేదో వీటికుంది. కూచో."

మా వైపు వదినలు మరుదుల్ని పేరు పెట్టి పిలవరు. ఆవిడ ఆయన్ని మొదటిరోజునుంచీ పొడుగాయన అనే పిలిచింది. వాళ్ళిద్దరూ ఒకరినొకరు దెప్పుకోకుండా నేను చూసిన పూట లేదు.

ఊట పక్కనే చిన్న గది కట్టారు. లోపల మనిషెత్తు నీలం గొట్టం, గొట్టం నిండా పూసలు, గోడ బయట ఒక కుళాయి. తాళంచెవి జూరకాన్‌కి ఇచ్చారు. బాయిలరు చూసిన చెయ్యి కదా, రెండోరోజే గదికి సున్నం కొట్టి, గుమ్మం ముందు రాళ్ళు పరిచింది. మురికి డబ్బాతో వచ్చినవాళ్ళని ఇంటికి పంపేసేది. "విషం తీసి ఇస్తున్నాను, నీ పాచి కూడా నన్నే తియ్యమంటావా?" అనేది. మెల్లమెల్లగా ఊరు ఆ కుళాయికి అలవాటుపడింది. నేను కూడా పడ్డాను, అయితే నా గుర్రం పడలేదు.

కపార్ కూడా పడలేదు. "అది చచ్చిన నీళ్ళు. ఊటని జల్లెడ పడతారా ఎక్కడైనా? మా తాత ఈ నీళ్ళు తాగే తొంభై ఏళ్ళు బతికాడు" అనేవాడు. వాళ్ళ తాత పోయేనాటికి ఇక్కడ గనే లేదని నేనంటే, "పశువుల డాక్టరువి, పశువుల సంగతి చూడు" అనేవాడు. ఆయన ఒక్కడి గొంతు ఆయనిష్టం, తాగనీ. కానీ ఆయన ఇంట్లో నాజ్‌బియికే ఉంది.

నాజ్‌బియికే జూరకాన్ చెల్లెలి కూతురు. కపార్ కొడుకు మెదేర్‌కి ఆ పిల్లని తెచ్చి చేసింది జూరకానే. కపార్ భార్య ఎప్పుడో పోయింది, ఇంటిపనంతా ఆ పిల్లదే. పొద్దున్నే కావడి భుజాన వేసుకుని, నీళ్ళ గది ముందునుంచే నడుచుకుంటూ వెళ్ళి ఊటలో బిందెలు ముంచుకునేది. మావగారి మాట అది. ఆ చలికాలం ఆ పిల్ల నెల తప్పింది. అప్పటినుంచి జూరకాన్‌కి నిద్ర పట్టలేదు. ఆవిడే నాతో అంది, "ఆ పిల్లని ఈ ఊరికి తెచ్చింది నేను డాక్టరూ. నా మొగుణ్ణి తిన్న నీళ్ళే దానికీ, దాని కడుపులోదానికీ పోయిస్తున్నాను" అని.

ఆ పిల్లకి ఎన్నిసార్లు చెప్పిందో. "పెద్దమ్మా, మామ నా ఎదురుగా కూచుని టీ తాగుతాడు. ఆయనకో నీళ్ళు, నాకో నీళ్ళు అంటే ఏం బాగుంటుంది?" అనేది ఆ పిల్ల. మంచి కోడలు. కొన్నిసార్లు మంచితనం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇప్పుడు ఉప్పు సంగతికి వస్తాను. పూసలు పట్టుకున్నంత పట్టుకుని, కొన్నాళ్ళకి నిండిపోతాయి. అప్పుడు చిక్కటి ఉప్పునీళ్ళు పోస్తే పట్టుకున్న విషాన్ని వదిలేసి మళ్ళీ పనికొస్తాయి. ఆ పని జూరకానే చేసేది. వాడిన ఉప్పునీళ్ళు గది వెనకున్న సిమెంటు తొట్టిలోకి పోతాయి. "ఈ నీళ్ళు విషం, ఎవరూ ముట్టకూడదు, నేలమీద పొయ్యకూడదు, మేం లారీలో పట్టుకుపోతాం" అని ఉలార్‌బెక్ చెప్పాడు. ఆవిడ తొట్టి చుట్టూ కంచె కట్టింది. కోడి కూడా ఆ దరిదాపులకి పోలేదు.

ఆ ఏడు మంచు కరిగే రోజుల్లో కొండచరియ విరిగి రోడ్డుమీద పడింది. లారీ రాలేదు. లారీతోపాటు కిరోసిను రాలేదు, పిండి రాలేదు, ఉప్పు రాలేదు. పిండి లేకపోతే మనిషి బంగాళదుంప తింటాడు. ఉప్పు లేకుండా మందని వేసవి మేతకి కొండెక్కించడం మా కాపరులకి మింగుడుపడని మాట. గొర్రె ఉప్పు నాకాలి, నాకితేనే నీళ్ళు తాగుతుంది, మేస్తుంది, ఒళ్ళు చేస్తుంది. కపార్ ఇల్లిల్లూ తిరిగాడు, దోసెడు దోసెడు పోగేశాడు. అది పిల్లి ముందు పెట్టినా చాలదు.

తొట్టిలో మాత్రం, ఎండకీ గాలికీ నీళ్ళన్నీ ఎగిరిపోయి, అడుగున తెల్లటి ఉప్పు గడ్డకట్టింది. ఒక మూటెడు.

మాకు రొట్టె తర్వాత ఉప్పే దేవుడు. నేలమీద ఉప్పు పడితే పెద్దవాళ్ళు వంగి ఏరుకుంటారు. విశ్వాసం లేనివాణ్ణి తిట్టే తిట్టు "ఉప్పు కొట్టుగాక" అని, దానికంటే పెద్ద తిట్టు మా భాషలో లేదు. మంద ఉప్పు లేక కొండెక్కబోతుంటే మూటెడు ఉప్పు తొట్టిలో పడేసి ఉంచడమంటే జూరకాన్‌లాంటి మనిషికి ఒంట్లో జ్వరం ఉన్నట్టే. ఆవిడ ఆలోచించింది. విషం నీళ్ళలో ఉందన్నారు. నీళ్ళు ఆకాశానికి పోయాయి. ఇక మిగిలింది ఉప్పు. మా ఊళ్ళో ఎవర్నడిగినా ఇదే చెప్పేవాళ్ళు. నన్నడగలేదు కానీ, అడిగితే నేనేం చెప్పి ఉండేవాణ్ణో నాకే తెలీదు.

ఇంకో ఆశ కూడా ఉంది ఆవిడకి. నీళ్ళ గది ఉప్పు కపార్ మందకి అందితే, ఉప్పు పుచ్చుకున్న మనిషి నీళ్ళు కాదంటాడా? ఒక్క బిందె ఇంటికి పోతే చాలు, ఆ పిల్ల గొంతు దిగితే చాలు అనుకుంది.

కపార్, మెదేర్ మందని తోలుకుపోయే రోజు పొద్దున్న ఆవిడ ఉప్పు మూట మోసుకొచ్చి ఆయన గుర్రం మీద పెట్టింది. నేనక్కడే ఉన్నాను, ఒక గొర్రె కాలికి కట్టు కడుతున్నాను.

"ఎక్కడిది వదినా ఇంత ఉప్పు?"

"నీళ్ళ గదిది. వద్దంటే దింపేస్తాను."

"ఉప్పు వద్దనేవాడు మనిషేనా." కపార్ మొహం చేటంత చేసుకున్నాడు. "ఇన్నాళ్ళకి నీ గది ఒక మంచిపని చేసింది."

"ఇంకో మంచిపని కూడా చేస్తుంది, నువ్వు చెయ్యనిస్తే. నాజ్‌బియికేకి ఒక మాట చెప్పి వెళ్ళు."

ఆయన నవ్వి, గుర్రాన్ని అదిలించి వెళ్ళిపోయాడు. కడుపుతో ఉన్న పిల్ల కదా, నాజ్‌బియికే ఊళ్ళోనే ఉండిపోయింది. జూరకాన్ మర్నాడే అడిగింది, "మీ మామ లేడుగా, ఇక్కడ పట్టుకో" అని. "ఆయన లేనప్పుడు ఆయన మాట దాటితే అది దొంగతనం పెద్దమ్మా" అని ఆ పిల్ల ఊట వైపు నడిచింది.

కొద్దిరోజులకి రోడ్డు బాగుపడింది. లారీ వచ్చింది, ముందు సీట్లో ఉలార్‌బెక్. జూరకాన్ వాడికి వెన్నపూసిన రొట్టె, టీ ఇచ్చి, నన్ను కూడా పిలిచి కూర్చోబెట్టింది. వాడు టీ తాగి, చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుని, సంచులు పట్టుకుని గది వెనక్కి వెళ్ళాడు. వెంటనే తిరిగొచ్చాడు.

"అత్తా, తొట్టి ఖాళీగా ఉందే?"

"ఊడ్చి, కడిగి, సున్నం కొట్టాను. ఎలా ఉంది?"

"అందులో ఉప్పు ఉండాలి కదా."

"ఉప్పు పారేస్తానా? మా పొడుగాయన మందకిచ్చాను."

కుర్రాడు అక్కడే మెట్టుమీద కూర్చుండిపోయాడు. వాడి మొహం చూసి నా చేతిలో గిన్నె కింద పెట్టేశాను.

"అత్తా, నీళ్ళు ఎగిరిపోతాయి. యురేనియం ఎగరదు. అది ఉప్పులోనే ఉండిపోతుంది."

జూరకాన్ అడిగింది, అరవకుండా. "ఈ మాట నాకు ముందెందుకు చెప్పలేదురా అబ్బాయ్?"

"ఆ ఉప్పు గొర్రెలకి పెడతారని నాకు తట్టలేదు అత్తా." వాడి కళ్ళజోడు మసకబారింది. "మా ఇంట్లో పిల్లి కూడా లేదు."

వాణ్ణి తిట్టాలని నా నోరు తెరుచుకుంది. కానీ ఎవర్ని తిట్టను? వాడికి గొర్రె తెలీదు, ఆవిడకి లోహం తెలీదు, మధ్యలో కొండచరియ.

ఆవిడ లేచి తలగుడ్డ బిగించి కట్టుకుంది. "డాక్టరూ, గుర్రాలు సిద్ధం చెయ్యి."

ఉలార్‌బెక్ ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. "అత్తా, ఒక్కమాట. ఉప్పు పాడైంది, పురుగు పట్టింది, ఏదో చెప్పి వెనక్కి తెచ్చేద్దాం. విషం అని చెబితే కపార్ మామ ఈ గదిని ఒక్కరోజు ఉండనివ్వడు. ఊరంతా మళ్ళీ ఊటకే పోతుంది. మీరిన్నాళ్ళు పడ్డదంతా పోతుంది."

వాడన్నది అబద్ధం కాదు. కపార్ నోరు తెరిస్తే సగం ఊరు ఆయన వెనక నడుస్తుంది. నాజ్‌బియికే సంగతి ఇక చెప్పక్కర్లేదు. ఆవిడ మొహంలో అదంతా నాకు కనిపించింది.

"ఉప్పు చేతికిచ్చి ఆ ఉప్పు మీద అబద్ధం చెప్పమంటావా?" అంది. "గొర్రెలకి ఏమైందో తెలియాలంటే దేనివల్ల అయిందో ఆయనకి తెలియాలి. గది పోతే పోనీ. నడు."

లారీ వెళ్ళే దారి కాదది. ఉలార్‌బెక్‌ని నా ముసలి ఆడగుర్రం మీద ఎక్కించాం. వాడు జీను ముందుకొమ్ముని పట్టుకున్న తీరు చూస్తే, అది ఊడితే భూమిమీదనుంచి పడిపోతాడేమో అనిపించింది. జూరకాన్ ముందు, వాడు మధ్యలో, నేను వెనక. దారంతా ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు. వాగు దాటేటప్పుడు మాత్రం గుర్రం దిగి, చేతులు మోచేతులదాకా కడుక్కుని, మళ్ళీ కడుక్కుని, మళ్ళీ ఎక్కింది.

మధ్యాహ్నం దాటాక కపార్ గుడారం చేరాం. ఆయన బయట కూచుని కత్తి నూరుకుంటున్నాడు.

"ఏంటి, నీళ్ళ గది కొండెక్కిందా? ఇక్కడ కూడా పూసలు పెడతావా వదినా? రండి, పులిసిన గుర్రప్పాలు, మంచి కుమిస్ పోస్తాను. ఆ కళ్ళజోడు అబ్బాయిని ఎవరైనా దింపండి, వాడికి దిగడం రాదు."

జూరకాన్ దిగి నిలబడింది. "ముందు నా మాట, తర్వాత నీ కుమిస్. నేనిచ్చిన ఉప్పు ఎక్కడుంది?"

"రాళ్ళమీద చల్లాను. సగం మూటలో ఉంది. ఏం, తిరిగి కావాలా? ఇచ్చిన ఉప్పు వెనక్కి అడిగే మనిషిని నేనింతవరకు చూళ్ళేదు."

"అందులో విషం ఉంది."

ఆయన నవ్వబోయి, నా మొహం చూసి ఆగాడు. మరుక్షణం కత్తి పారేసి, గుట్ట మీదికి ఉరికి, కొడుకుని కేకేశాడు. మందని ఉప్పు చల్లిన రాళ్ళనుంచి తోలమని, కుక్కల్ని వదలమని అరిచాడు. లోయంతా ఆయన గొంతే. తిరిగొచ్చేసరికి మొహం నల్లబడిపోయింది.

"నా మందకి విషం పెట్టావు."

"పెట్టాను. తెలీక పెట్టాను. కానీ పెట్టింది నేనే."

"మా అన్న పెళ్ళానివి కాబట్టి ఊరుకుంటున్నాను. ఇంకెవరన్నా అయితే ఈ కొరడా విరిగేదాకా..."

"కొట్టు."

"ఆ గదిని పీకించేస్తాను. పెద్దల్ని కూచోబెట్టి, అందరి ముందూ పీకించేస్తాను."

"పీకించు. ముందు గొర్రెల్ని చూడనీ."

"ఎవడిచ్చాడు నీకీ విషం? వీడా? పట్నంనుంచి తెచ్చి మా నెత్తిన పోస్తున్నది ఇదేనా?" ఆయన ఉలార్‌బెక్ మీదికి వెళ్ళాడు. వాడు గుర్రం చాటుకి తప్పుకున్నాడు.

"ఎవరూ తేలేదు," అంది జూరకాన్. "మన ఊటలోదే."

కపార్ ఆగాడు.

"నువ్వు తాగే ఊట. చలికాలమంతా ఊరు తాగిన నీళ్ళలోంచి ఆ పూసలు ఏరిపెట్టింది అదే. ఊరి కడుపుల్లోకి పోవలసింది మూటలోకి చేరింది. దాన్ని నేను తీసుకొచ్చి నీ గొర్రెలకి పెట్టాను. నా బుద్ధి అంతే."

ఆయన గుడారం లోపలికి వెళ్ళి మూట తెచ్చాడు. మూతి విప్పి లోపలికి చూశాడు. తెల్లటి ఉప్పు, ఇంకేమీ కనపడదు.

"ఇదంతా విషమేనా?" అని ఉలార్‌బెక్‌ని అడిగాడు. ఈసారి గొంతులో అరుపు లేదు.

"చాలావరకు ఉప్పే మామా. అసలుది చిటికెడు కూడా ఉండదు."

"చిటికెడు దానికి ఇంత దూరం పరిగెత్తుకొచ్చారా?"

"అది చాలు మామా. ఒక్కరోజులో చంపదు, కిడ్నీల్ని పట్టుకుంటుంది. తెలిసేసరికి ఆలస్యమవుతుంది."

కపార్ నా వైపు తిరిగాడు. "డాక్టరూ, ఏం చెయ్యాలి?"

"ఆ రాళ్ళు కడిగితే లాభం లేదు, పై మట్టితో సహా ఎత్తి సంచుల్లో వెయ్యాలి. మందని వాగు పైకి తోలి మంచి నీళ్ళు బాగా పట్టించు. పాలిచ్చే తల్లుల్నీ, పిల్లల్నీ ముందు. వాటికే ప్రమాదం ఎక్కువ."

నేను పశువుల గురించే మాట్లాడాను. నలభై సార్లు నలభై మందికి చెప్పే మాటే. కానీ అది విన్నాక కపార్ మూట మూతి పట్టుకునే నిలబడ్డాడు.

"నాజ్‌బియికే నీళ్ళు ఎక్కణ్ణించి తెచ్చుకుంటోంది?" అన్నాడు చివరికి.

"నువ్వు చెప్పిన చోటినుంచే," అంది జూరకాన్.

గొర్రెల సంగతి ఇప్పుడే చెప్పేస్తాను, లేకపోతే మీ మనసు వాటిమీదే ఉంటుంది. నేను వేసవంతా వారం వారం కొండెక్కి చూశాను. ఒక ముసలి గొర్రె చచ్చిపోయింది, కోసి చూశాను, ముసలితనం వల్లో ఉప్పు వల్లో నేను చెప్పలేను, చెప్పగలనని అబద్ధమాడను. మిగతావి బాగానే దిగొచ్చాయి. ఆ ఏడు వాటిలో దేన్నీ కోసి తినకూడదన్నాను. కపార్ తినలేదు, అమ్మలేదు కూడా. ఉలార్‌బెక్ తొట్టికి ఇనప మూత పెట్టించాడు. ఇప్పుడు వాడిన ఉప్పునీళ్ళలో నీలం రంగు కలుపుతారు. ఎండితే నీలం గడ్డ అవుతుంది. దాన్ని చూసి ఎవరికీ ఉప్పు అనిపించదు. ఆ ఉపాయం జూరకాన్‌దని వాడంటాడు, వాడిదని ఆవిడంటుంది. వాడిప్పుడు గుర్రమెక్కడం కూడా నేర్చుకున్నాడు, కాకపోతే దిగడం ఇంకా రాదు.

ఆ రోజు కపార్ మందని మెదేర్‌కి అప్పజెప్పి మాతోపాటే కొండ దిగాడు. దారంతా మాకంటే ముందే గుర్రాన్ని తోలాడు. ఊరి మొదట్లో ఆయన తన ఇంటి వైపు తిరిగిపోయాడు. మర్నాడు పెద్దల్ని పిలుస్తాడనే మేమంతా అనుకున్నాం. జూరకాన్ ఇంటికి కూడా పోలేదు, నీళ్ళ గది గుమ్మంలోనే కూచుంది. "రేపు తాళంచెవి ఎవరికివ్వమంటారో" అంది నాతో.

పొద్దున్నే నేను డబ్బా పట్టుకుని వెళ్ళేసరికి కుళాయి దగ్గర ఆడవాళ్ళ వరస ఉంది. మాట అప్పటికే పాకింది. అందరూ నీళ్ళు పట్టుకోవచ్చా లేదా అన్నట్టు నిలబడి చూస్తున్నారు. అంతలో వీధి చివర నవ్వులు వినిపించాయి. తిరిగి చూస్తే కపార్. భుజాన కావడి.

మా ఊళ్ళో మగవాడు గొర్రెని మోస్తాడు, మంచం మోస్తాడు, తాగి పడిపోయిన బావమరిదిని మోస్తాడు. నీళ్ళ కావడి మోయడు. అది కోడళ్ళ పని. అంత పొడుగు మనిషి, ఆ పిల్ల ఎత్తుకి సరిపోయిన కావడి కింద నడుం వంచి, రెండు ఖాళీ బిందెలూ మోకాళ్ళకి కొట్టుకుంటుంటే నడిచొస్తున్నాడు. "ఏం కపార్, కోడలిగా ఎప్పుడొచ్చావు?" అని గోడమీద కూచున్న మగవాళ్ళు కేకలేస్తున్నారు. ఎప్పుడూ మాటకి మాట అప్పుపెట్టని మనిషి, ఒక్కడికీ బదులివ్వలేదు. ఊట వైపు దారి దాటేసి, వరస చివర వచ్చి నిలబడ్డాడు. ఆడవాళ్ళు తప్పుకుని దారిచ్చినా ముందుకి రాలేదు. తన వంతు వచ్చేదాకా ఆగాడు.

జూరకాన్ కుళాయి విప్పలేదు. ఆయన్నే చూస్తోంది.

"నా గొర్రెల కోసం నువ్వు కొండెక్కావు వదినా," అన్నాడు. అందరికీ వినపడేలాగే అన్నాడు. "గది పోతుందని తెలిసి కూడా వచ్చి చెప్పావు. నేను నా కోడలి కోసం ఈ వీధి దాటలేదు."

ఆవిడ వంగి బిందె కుళాయి కింద పెట్టింది. రెండూ నిండాక ఆయన కావడి ఎత్తుకుని, బరువు సర్దుకుని, తిరిగి అన్నాడు.

"రేపట్నించి నేనే వస్తాను. బిడ్డ పుట్టేదాకా, పుట్టాక కూడా. ఆ పిల్ల చేత మోయించింది చాలు."

ఆయన వెళ్ళేదాకా జూరకాన్ చూస్తూ నిలబడింది. తర్వాత తలగుడ్డ కొసతో కళ్ళు తుడుచుకుని, "తర్వాతెవరు, రండి" అంది.